పదహారణాల లెక్క

ప్రవాసంలో ఉన్న మన ఇళ్ళల్లో ఎవరూ కూర్చుని నిర్ణయించకుండానే ఒక పంపకం జరిగిపోయింది. పాటలు, పద్యాలు, పండగలు, పప్పూ ఆవకాయా తెలుగు వాటాకి వచ్చాయి. లెక్కలు, సైన్సు, కంప్యూటరు ఇంగ్లీషు వాటాకి పోయాయి. "అన్నం తిన్నావా?" అని తెలుగులో అడిగే తల్లిదండ్రులే, హోంవర్కు కాగితం టేబుల్ మీదికి రాగానే ఇంగ్లీషులోకి మారిపోతారు. పిల్లలు ఇవన్నీ గమనిస్తూనే ఉంటారు. ముచ్చట్లకి తెలుగు, ఆలోచనకి ఇంగ్లీషు అన్న పాఠం ఏ పుస్తకంలోనూ లేకపోయినా వాళ్ళు నేర్చేసుకుంటారు. ఈ పంపకం సరైనది కాదని మా అభిప్రాయం. అది ఎందుకో చెప్పడానికి, సామెతలూ శతకాలూ పక్కన పెట్టి, ఈసారి ఎనిమిదో తరగతి లెక్క ఒకటి తీసుకుంటున్నాం.

ఆ లెక్క పేరు 'ఒకే భూమి ఉన్న ఘాతాల భాగహారం'. పేరు విని కంగారు పడకండి. 2⁵ ని 2³ తో భాగిస్తే ఎంత, 2² ని 2⁵ తో భాగిస్తే ఎంత, అంతే సంగతి. అమెరికాలో చాలా రాష్ట్రాలు 2010 నుంచి అనుసరించిన కామన్ కోర్ ప్రమాణాల్లో ఇది ఎనిమిదో గ్రేడు పాఠం. మన ఊళ్ళల్లోనూ ఏడు, ఎనిమిది తరగతుల్లోనే 'ఘాతాంకాలు - ఘాతాలు' అన్న పేరుతో వస్తుంది. అంటే పదమూడో ఏడు వచ్చేసరికి పిల్లలు అక్కడున్నా ఇక్కడున్నా నెత్తిన మైనస్ పెట్టుకున్న అంకె ఒకటి వాళ్ళకి ఎదురవుతుంది.

మా తరగతుల్లో ఆ వయసు పిల్లల్ని "2⁻³ ఎంత?" అని అడిగితే మూడు రకాల జవాబులు వస్తాయి. కొందరు మైనస్ ఆరు అంటారు. కొందరు మైనస్ ఎనిమిది అంటారు. కొందరు ఎనిమిదో వంతు అని సరిగ్గానే చెబుతారు. సరిగ్గా చెప్పినవాళ్ళని "ఎందుకు?" అని అడిగితే "మైనస్ ఉంటే తిరగెయ్యాలి" అంటారు. "ఎందుకు తిరగెయ్యాలి?" అంటే "అది రూల్" అంటారు. ఇంట్లో అడిగినా చాలాసార్లు అదే సమాధానం: "అది రూలమ్మా, గుర్తు పెట్టుకో." కారణం తెలియని రూలు శుక్రవారం టెస్టు దాకా నిలుస్తుంది, సోమవారానికి పోతుంది. అది పోగానే మైనస్ ఎనిమిది మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. కారణం చెప్పాలి. ఆ కారణం తెలుగులో చెప్పడం కష్టం కాదు సరికదా, కొన్ని చోట్ల తెలుగులోనే ఇంకా తేలిక అని మేము అంటున్నాం. చెప్పి చూద్దాం.

2³ లో కింద ఉన్న 2 ని మన పుస్తకాల్లో 'భూమి' అంటారు. దాని నెత్తినెక్కిన చిన్న 3 'ఘాతాంకం'. రెండూ కలిస్తే 'ఘాతం'. ఘాతం అనగానే దెబ్బ అనుకోనక్కర్లేదు; సంస్కృత గణితంలో ఆ మాటకి హెచ్చవేస్తే వచ్చే లబ్ధం అని అర్థం. ఎన్ని రెళ్ళని హెచ్చవెయ్యాలో చెప్పే అంకె ఘాతాంకం. "మూడు రెళ్ళు ఆరు" అని మనం ఎక్కం చదువుతాం. అది మూడు రెళ్ళని కూడడం. 2³ అంటే మూడు రెళ్ళని పక్కపక్కన నిలబెట్టి ఒకదానితో ఒకటి హెచ్చవెయ్యడం, అది ఎనిమిది. మైనస్ ఆరు అన్న జవాబు ఈ రెండిటినీ కలిపేసుకోవడం వల్ల వచ్చింది. ఎక్కం తెలుగులో వచ్చిన పిల్లలకి ఈ తేడా ఒక్క నిమిషంలో చెప్పవచ్చు.

ఇప్పుడు 2⁵ ని 2³ తో భాగిద్దాం. పైన లవంలో అయిదు రెళ్ళు, కింద హారంలో మూడు రెళ్ళు. పైన ఒకటీ కింద ఒకటీ కొట్టేస్తూ పోతే పైన రెండు రెళ్ళు మిగులుతాయి. జవాబు 2², అంటే 4. అనుమానం ఉంటే 32 ని 8 తో భాగించి చూసుకోండి. ఘాతాంకాల్లో 5 లోంచి 3 తీసేస్తే 2 వచ్చింది. ఆ తీసివేత ఎక్కడినుంచో ఊడిపడలేదు. మనం చేసిన కొట్టివేతే అక్కడ తీసివేతగా కనిపిస్తోంది. భూమి ఒకటే అయినప్పుడే ఇది కుదురుతుంది. పైన రెళ్ళు, కింద మూళ్ళు ఉంటే దేనికి ఏది కొట్టేస్తాం? ఆ భూమి సున్నా కూడా కాకూడదు, ఎందుకంటే సున్నాతో భాగహారం లేదు.

పైనా కిందా సమానంగా ఉంటే? 2³ ని 2³ తో భాగిస్తే అన్నీ కొట్టుకుపోతాయి. నియమం ప్రకారం మిగిలింది 2⁰. "ఏమీ మిగల్లేదు కాబట్టి సున్నా" అంటారు పిల్లలు. ఎనిమిది లడ్డూలు ఎనిమిది మందికి పంచితే తలా ఎన్ని అని అడగండి. తలా ఒకటి. అందుకే 2⁰ అంటే 1.

కింద ఎక్కువ ఉంటే? 2² ని 2⁵ తో భాగిస్తే పైనున్న రెండు రెళ్ళూ పోయి 1 మిగులుతుంది, కింద మూడు రెళ్ళు మిగులుతాయి. జవాబు ఎనిమిదో వంతు. తీసివేత నియమం ప్రకారం 2 లోంచి 5 తీస్తే మైనస్ 3, కాబట్టి 2⁻³. ఒకే లెక్కకి రెండు వేర్వేరు జవాబులు ఉండవు. అందువల్ల 2⁻³ అన్నా, ఎనిమిదో వంతు అన్నా ఒకటే. 'తిరగెయ్యాలి' అన్న రూలు వెనక ఉన్న కథ ఇంతే.

పిల్లలకి దాచకుండా చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. రెండుని 'మైనస్ మూడు సార్లు' హెచ్చవెయ్యడం అన్న మాటకి నిజానికి అర్థం లేదు. పాత నియమం చెక్కు చెదరకుండా ఉండాలంటే ఈ కొత్త గుర్తుకి ఏ అర్థం ఇవ్వాలో చూసి, గణితజ్ఞులు ఆ అర్థం ఇచ్చారు. అదొక ఒప్పందం, కాని కారణం ఉన్న ఒప్పందం. 1544లో జర్మనీకి చెందిన మైకేల్ స్టీఫెల్ తన 'అరిథ్మెటికా ఇంటెగ్రా' పుస్తకంలో రెండు వరసలు ఒకదాని కింద ఒకటి పెట్టి చూపించాడు. పై వరసలో −3, −2, −1, 0, 1, 2, 3 ఇలా. కింది వరసలో 1/8, 1/4, 1/2, 1, 2, 4, 8 ఇలా. పై వరసలో ఎడమకి ఒక అడుగు వేస్తే ఒకటి తగ్గుతుంది, కింది వరసలో సగం అవుతుంది. ఆ నడక సున్నా దగ్గర ఎందుకు ఆగాలి? ఆగనక్కర్లేదు. ఈ రెండు వరసలూ కాగితం మీద రాసి పిల్లల ముందు పెడితే, సగం మంది మనం నోరు విప్పకముందే సంగతి పట్టేస్తారు.

ఇక మైనస్ ఎనిమిది సంగతి. ఇక్కడే మన మాట ఇంగ్లీషు మాటకన్నా ఎక్కువ పని చేస్తుందని మా నమ్మకం. ఇంగ్లీషులో 'నెగెటివ్' అనగానే పిల్లల మనసుకి 'కాదు, లేదు' అన్న భావం తడుతుంది. మన పుస్తకాల్లో దాన్ని 'రుణ' అంటారు. రుణం అంటే అప్పు. 628లో బ్రహ్మగుప్తుడు ధన సంఖ్యలనీ రుణ సంఖ్యలనీ ఆస్తులుగా, అప్పులుగా భావించి కూడిక, తీసివేతల నియమాలు రాశాడు. ఆ మాటనే మనం ఈనాటికీ వాడుతున్నాం. 2⁻³ అంటే మూడు రెళ్ళ అప్పు. ఆ అప్పు ఘాతాంకానిదే గాని సంఖ్యది కాదు. చేతిలో 2⁵, అంటే అయిదు రెళ్ళు ఉన్నవాడు ఆ మూడు రెళ్ళ అప్పు తీర్చేస్తే రెండు రెళ్ళు మిగులుతాయి: 2⁵ × 2⁻³ = 2². మైనస్ నెత్తిమీద ఉంది కాబట్టి విలువ చిన్నదవుతుంది, అంతేగాని సున్నా కిందికి పోదు. రెండుని రెండుతో ఎన్నిసార్లు భాగించినా ఎంతో కొంత మిగులుతూనే ఉంటుంది కదా!

ఇది మన పెద్దవాళ్ళకి కొత్త సంగతేమీ కాదు. రూపాయికి పదహారు అణాలు ఉన్న రోజులు గుర్తు చేసుకోండి. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసల లెక్క వచ్చేదాకా మన దేశంలో నడిచింది అదే. రూపాయిలో సగం అర్ధరూపాయి. అందులో సగం పావలా. అందులో సగం బేడ. అందులో సగం అణా. రూపాయి 2⁰ అయితే, అర్ధరూపాయి 2⁻¹, పావలా 2⁻², బేడ 2⁻³, అణా 2⁻⁴. అక్కడితో ఆగలేదు: అర్ధణా 2⁻⁵, కాణీ 2⁻⁶. మన తాతముత్తాతలు రుణ ఘాతాంకాలని జేబులో వేసుకుని సంతకి వెళ్ళారన్నమాట!

పిల్లల్ని అన్నిటికన్నా తికమక పెట్టేది పైనా కిందా రెండు చోట్లా మైనస్ ఉన్న లెక్క. 2⁻² ని 2⁻⁴ తో భాగించాలి. −2 లోంచి −4 తియ్యాలి. చాలామంది గబగబా −6 అనేస్తారు. ఇదే లెక్కని తెలుగులో అడగండి: "పావలాలో ఎన్ని అణాలు?" నాలుగని అమ్మమ్మ వెంటనే చెబుతుంది. నాలుగంటే 2². అంటే −2 లోంచి −4 తీస్తే +2 వచ్చింది. అప్పులోంచి అప్పు కొట్టేస్తే అది మనకి లాభమే కదా. −6 అన్న పిల్లవాడి జవాబు ప్రకారం పావలాలో అణా పూర్తిగా ఒక్కటైనా ఉండదు. 1/64 వంతు ఉంటుంది. ఆ మాట అమ్మమ్మ ముందు అంటే నవ్వుతుంది. తప్పు ఎక్కడుందో ఆ నవ్వుతోనే తెలిసిపోతుంది.

అణాలు చూడని పిల్లలకి ఫ్రిజ్ తలుపు తెరిచి చూపించండి. అమెరికాలో పాల గ్యాలన్ కూడా అచ్చం మన పాత రూపాయిలాంటిదే. గ్యాలన్‌లో సగం హాఫ్ గ్యాలన్, అందులో సగం క్వార్ట్, అందులో సగం పైంట్, అందులో సగం కప్పు. గ్యాలన్‌కి పదహారు కప్పులు. రూపాయి దగ్గర గ్యాలన్‌ని, అణా దగ్గర కప్పుని పెట్టుకుంటే చాలు, లెక్క ఒకటే. తాతయ్య అణాల్లో చెబితే మనవడు కప్పుల్లో చెబుతాడు. ఇద్దరూ ఒకే సంగతి మాట్లాడుకుంటున్నారని ఇద్దరికీ తెలుస్తుంది.

మన ఇళ్ళల్లోనే ఇంకో ఉదాహరణ ఉంది. పెద్దవాళ్ళు లక్షలు, కోట్లు అంటారు. పిల్లలు మిలియన్లు, బిలియన్లు అంటారు. ఊళ్ళో స్థలం ధర చెప్పుకునేటప్పుడు ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. లక్ష 10⁵, మిలియన్ 10⁶, కోటి 10⁷, బిలియన్ 10⁹. కోటిలో ఎన్ని మిలియన్లు? 7 లోంచి 6 తీస్తే 1, కాబట్టి పది. బిలియన్‌లో ఎన్ని కోట్లు? 9 లోంచి 7 తీస్తే 2, కాబట్టి వంద. లక్షలో ఎన్ని మిలియన్లు? 5 లోంచి 6 తీస్తే −1, కాబట్టి 10⁻¹, అంటే మిలియన్‌లో పదో వంతు. రెండు దేశాల లెక్కల మధ్య వంతెన ఈ చిన్న తీసివేతే.

ఈ పాఠం టెస్టుతో అయిపోయేది కూడా కాదు. మన తల వెంట్రుక మందం ఇంచుమించు 10⁻⁴ మీటరు, అణువుకన్నా చిన్నదైన పరమాణువు అడ్డుకొలత ఇంచుమించు 10⁻¹⁰ మీటరు. వెంట్రుక అడ్డంగా ఎన్ని పరమాణువులు పడతాయి? −4 లోంచి −10 తీస్తే 6. అంటే 10⁶, పది లక్షలు. పావలాలో అణాలు లెక్కపెట్టిన పద్ధతే ఇది. భూమి నుంచి సూర్యుడికి దూరం సుమారు 1.5 × 10¹¹ మీటర్లు, వెలుతురు వేగం సెకనుకి సుమారు 3 × 10⁸ మీటర్లు. ముందున్న అంకెలు భాగిస్తే 0.5, పదుల ఘాతాలు భాగిస్తే 10³. మొత్తం 500 సెకన్లు, అంటే ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లు. రేపు సైన్సు, ఇంజనీరింగు, వైద్యం ఏది చదివినా పిల్లలకి ఈ పద్ధతి కావాలి.

ఇలా చెబితే మనవాళ్ళ నుంచి వచ్చే అభ్యంతరాలు మాకు తెలుసు. మొదటిది, "వారానికి ఉన్నది రెండు గంటలు, అక్షరాలకీ గుణింతాలకే చాలడం లేదు." నిజమే. కాని అక్షరాలు వచ్చిన పిల్లలు పదకొండు, పన్నెండేళ్ళు రాగానే బడి మానేయడం కూడా మనం చూస్తున్నదే. ఆ వయసులో వాళ్ళ బుర్రల్ని నింపుతున్న విషయాలకీ మనం చెప్పే తెలుగుకీ సంబంధం లేకపోతే, వాళ్ళు దేన్ని వదులుకుంటారో వేరే చెప్పాలా?

రెండోది, "రెండు భాషల్లో చెబితే పిల్లలు అయోమయంలో పడతారు." కాగితం మీద 2⁻³ రెండు భాషల్లోనూ ఒకేలా ఉంటుంది. కొత్తగా నేర్చుకోవలసిన మాటలు అయిదు: భూమి, ఘాతాంకం, లవం, హారం, రుణం. ఒకే సంగతిని రెండు వైపుల నుంచి చూసిన పిల్లవాడికి అది బాగా అర్థమైనట్టే.

మూడోది, "లెక్కలకి ట్యూషన్ సెంటర్లు ఉన్నాయి కదా." ఉండనివ్వండి. అభ్యాసం కావాలి, వర్క్‌షీట్లు కావాలి, వాటికి మేము వ్యతిరేకులం కాదు. బడిలో ఇంగ్లీషులో చెప్పే పాఠం స్థానంలో తెలుగు పెట్టమనడం కూడా లేదు. మేము అడుగుతున్నది, కారణం చెప్పే పదిహేను నిమిషాలు మన భాషకి ఇవ్వమని.

నాలుగోది, "మేమే ఇంగ్లీషు మీడియంలో చదివాం, ఘాతాంకం అన్న మాట మాకే రాదు." రాకపోయినా ఫరవాలేదు. సగం, అప్పు, కొట్టెయ్యడం, పంచడం అన్న మాటలు వస్తే చాలు. పైన చెప్పిన పాఠమంతా వాటితోనే నడిచింది.

తెలుగులో లెక్కలు చెప్పడం మనం కొత్తగా మొదలుపెట్టే ప్రయోగం కూడా కాదు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన 'గణితసార సంగ్రహం'ని, నన్నయ కాలానికి దగ్గరివాడని సాహిత్య చరిత్రలు చెప్పే పావులూరి మల్లన 'సారసంగ్రహ గణితము' అన్న పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన భాషలో తొలినాటి పుస్తకాల్లో ఒకటి లెక్కల పుస్తకం! అంతటి భాషని మనం ఇక్కడ వంటింటికీ వేదికకీ పరిమితం చేస్తే, అది భాష లోపం అనిపించుకోదు.

అందుకని మా సూచన ఇది. మన బడిలో నెలకి ఒక్క తరగతిలో చివరి పదిహేను నిమిషాలు పెద్ద పిల్లలకి ఒక లెక్కో, ఒక సైన్సు సంగతో తెలుగులో చెప్పుకుందాం. ఆరు నెలలు ఉండడానికి వచ్చి, టీవీ ముందు కూర్చుని కాలక్షేపం చేసే అమ్మమ్మలనీ తాతయ్యలనీ ఆ రోజు బడికి తీసుకొద్దాం. డెబ్బై అయిదు దాటినవాళ్ళయితే చిన్నప్పుడు అణాలు చేత్తో పట్టుకున్నవాళ్ళే. అంతకన్నా చిన్నవాళ్ళకి పావలా బాగా తెలుసు. పావలా నాణెం చెలామణి నుంచి పోయింది 2011 జూన్ 30న కదా. మనవళ్ళకి చెప్పడానికి తమ దగ్గర ఏమీ లేదని వాళ్ళు అనుకుంటున్నారు. వాళ్ళ దగ్గర ఎనిమిదో గ్రేడు పాఠం ఉందని వాళ్ళకి మనం చెప్పాలి. ఇంట్లో కూడా, లెక్క దగ్గర పిల్లలు ఆగిపోతే ఒక్కసారి తెలుగులో చెప్పి చూడండి. ఆ తరువాత ఇంగ్లీషులో వాళ్ళనే తిరిగి చెప్పమనండి.

పిల్లలూ, ఈ నాలుగు లెక్కలు మీకు. తాతయ్యనో అమ్మమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళకి వివరిస్తూ చెయ్యండి. దూరంలో ఉంటే ఫోన్‌లో చెప్పండి.

1. బేడలో ఎన్ని అణాలు? ఘాతాంకాలతో చేసి చూపించండి.
2. అణా పావలాలో ఎన్నో వంతు?
3. అర గ్యాలన్ పాలలో ఎన్ని కప్పులు?
4. వంద కోట్లని మిలియన్‌తో భాగిస్తే ఎంత?

(జవాబులు: 1. −3 లోంచి −4 తీస్తే 1. 2¹, రెండు అణాలు. 2. −4 లోంచి −2 తీస్తే −2. 2⁻², నాలుగో వంతు. 3. −1 లోంచి −4 తీస్తే 3. 2³, ఎనిమిది కప్పులు. 4. వంద కోట్లు 10⁹, 9 లోంచి 6 తీస్తే 3, 10³, వెయ్యి.)

పెద్దలకి చివరగా ఒక మాట. ఎవరైనా చక్కగా తెలుగు మాట్లాడితే 'పదహారణాల తెలుగు' అని మురిసిపోతాం. పదహారణాలంటే నిండు రూపాయి, 2⁴ అణాలు. పండగలకీ పద్యాలకీ వాడే తెలుగు అందులో ఎనిమిది అణాలే. లెక్క చెప్పడానికి, కారణం అడగడానికి, వాదించి ఒప్పించడానికి వాడే తెలుగు మిగతా ఎనిమిది అణాలు. అర్ధరూపాయి చేతిలో పెట్టి నిండు రూపాయి ఇచ్చామని పిల్లలకి చెప్పవద్దు. ఆ మిగతా సగం కూడా మన దగ్గరే ఉంది. వాళ్ళకి ఇద్దాం.